ల్యాబ్‌లో బెంచ్ ఎవరికిస్తారు? ఆర్ఎన్ఏ శాస్త్రవేత్త జోన్ స్టైట్జ్ జీవితం చెప్పే పాఠం

సైన్స్‌కి కులం లేదు, ఆడా మగా తేడా లేదు, అక్కడ పనికొచ్చేది ప్రతిభ ఒక్కటేనని మనకు చిన్నప్పటి నుంచి చెబుతూ వస్తున్నారు. రిజర్వేషన్ల మీద చర్చ వచ్చిన ప్రతిసారీ ఈ మాటే మన ముఖాన కొడతారు. ఆ ప్రతిభ ల్యాబ్ దాకా ఎలా వస్తుంది, వచ్చాక దానికి చోటు ఎవరిస్తారు అని మాత్రం ఎవరూ అడగరు.

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మేము ఒక శాస్త్రవేత్త జీవితాన్ని తీసుకున్నాం. పేరు జోన్ స్టైట్జ్. 1941లో అమెరికాలోని మిన్నియాపోలిస్‌లో పుట్టారు. 1970లో యేల్ విశ్వవిద్యాలయంలో చేరి, దశాబ్దాల పాటు అక్కడే ల్యాబ్ నడిపారు. ఆర్ఎన్ఏ గురించి ఇవాళ పాఠ్యపుస్తకాల్లో ఉన్న కొన్ని మూల విషయాలు ఆ ల్యాబ్ నుంచే వచ్చాయి. ఆమె తెల్లజాతి మహిళ, చదువుకున్న కుటుంబంలో పుట్టారు. ఆ కథ మన కథ కాదు. కానీ చదువుల తలుపులు ఎలా మూసుకుంటాయో, ఎవరు నెడితే తెరుచుకుంటాయో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు సైన్స్: ఆర్ఎన్ఏ ఏం చేస్తుంది?

మన శరీరంలోని ప్రతి కణానికీ ఏ ప్రోటీన్ ఎలా తయారు చేయాలో చెప్పే సమాచారం డీఎన్ఏలో ఉంటుంది. డీఎన్ఏ కణం మధ్యలో ఉండే కేంద్రకంలో ఉంటుంది. ప్రోటీన్లు తయారయ్యేది కేంద్రకం బయట, రైబోజోమ్ అనే యంత్రం దగ్గర. అందుకని డీఎన్ఏలో కావలసిన భాగానికి ఒక నకలు తీసి బయటికి పంపిస్తారు. ఆ నకలే ఆర్ఎన్ఏ.

1977 దాకా ఈ నకలు తీసింది తీసినట్టే బయటికి పోతుందని అనుకునేవారు. ఆ ఏడాది ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు విడివిడిగా ఒక వింత విషయం కనిపెట్టాయి. జన్యువులో ప్రోటీన్‌కు పనికొచ్చే సమాచారం ఒకే చోట లేదు. ముక్కలు ముక్కలుగా ఉంది. మధ్యమధ్యలో ప్రోటీన్‌తో సంబంధం లేని పొడవాటి భాగాలున్నాయి. వాటిని ఇంట్రాన్లు అంటారు. నకలు తీశాక కణం ఈ ఇంట్రాన్లను కత్తిరించి పారేసి, మిగిలిన ముక్కలను వరుసగా అతికిస్తుంది. ఈ పనినే స్ప్లైసింగ్ అంటారు. ఈ ఆవిష్కరణకు 1993లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది.

ఈ కత్తిరింపు ఎంత కచ్చితంగా ఉండాలో చూడండి. రైబోజోమ్ ఆర్ఎన్ఏలోని అక్షరాలను మూడేసి చొప్పున చదువుతుంది. "కమల పలక కొనెను" అనే వాక్యం తీసుకుందాం. ఇందులో ప్రతి మాటకూ మూడే అక్షరాలు. మొదటి అక్షరం ఒక్కటి పోయిందనుకోండి, మూడేసి చొప్పున చదివితే "మలప లకకొ నెను" అవుతుంది. కమలా లేదు, పలకా లేదు. కత్తెర ఒక్క అక్షరం పక్కకు జరిగినా కణంలో జరిగేది ఇదే.

మరి ఎక్కడ కత్తిరించాలో కణానికి ఎలా తెలుస్తుంది? 1977 తర్వాత అందరి ముందూ ఉన్న ప్రశ్న ఇది. దీనికి జవాబు చూపించిన వాళ్లలో ముందు వరసలో ఉన్నది జోన్ స్టైట్జ్ ల్యాబ్. ఆ ల్యాబ్ ఏర్పడడమే ఒక పెద్ద కథ.

"పెళ్లి చేసుకుంటావు, నీకెందుకు పీహెచ్‌డీ?"

జోన్ ఆంటియోక్ కాలేజీలో కెమిస్ట్రీ చదివారు. ఆ కాలేజీలో విద్యార్థులు కొన్నాళ్లు క్లాసులో, కొన్నాళ్లు బయట ఉద్యోగంలో ఉంటారు. అలా ఎంఐటీలో అలెగ్జాండర్ రిచ్ ల్యాబ్‌లో పనిచేసినప్పుడు ఆమెకు మాలిక్యులర్ బయాలజీ మీద ఇష్టం కలిగింది. అయినా శాస్త్రవేత్త కావాలని ఆమె అనుకోలేదు. డాక్టర్ కావాలనుకున్నారు. మహిళా డాక్టర్లను ఆమె చూశారు. సైన్స్ చెప్పే మహిళా ప్రొఫెసర్‌ను ఒక్కరిని కూడా చూడలేదు. చూడని చోట తనను తాను ఊహించుకోవడం ఎవరికైనా కష్టమే. మన పిల్లలకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

1963 వేసవిలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ గాల్ ఆమెకు సొంతంగా ఒక ప్రాజెక్టు అప్పజెప్పారు. చేతిలో ఎవరి పనో కాకుండా తన పనే ఉండడంతో ఆమె మనసు మారింది. మెడికల్ సీటు వదిలేసి హార్వర్డ్‌లో పీహెచ్‌డీకి వెళ్లారు. ఆ బ్యాచ్‌లో ఆమె ఒక్కరే మహిళ.

గైడ్ కోసం ఆమె ముందుగా ఒక పేరున్న శాస్త్రవేత్త దగ్గరికి వెళ్లారు. నువ్వు ఆడదానివి, పెళ్లి చేసుకుంటావు, పిల్లల్ని కంటావు, అప్పుడు పీహెచ్‌డీ ఏం చేసుకుంటావన్నది ఆయన జవాబు. తర్వాత ఆమె జేమ్స్ వాట్సన్‌ను అడిగారు. ఆయన ఒప్పుకున్నారు. వాట్సన్ ల్యాబ్‌లో పీహెచ్‌డీకి చేరిన మొదటి మహిళ జోన్. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ ఇద్దరి దగ్గరికి వెళ్లిన విద్యార్థి ఒకరే, ఆమె తెలివీ ఒక్కటే. మారింది అవతల కూర్చున్న మనిషి మాత్రమే.

1967లో డిగ్రీ తీసుకుని భర్త టామ్ స్టైట్జ్‌తో కలిసి ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌కు వెళ్లారు. ఆయనా శాస్త్రవేత్తే. అక్కడి మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్ అప్పట్లో ప్రపంచంలోనే పేరున్నది. అందులో ఫ్రాన్సిస్ క్రిక్ ఆమెకు ఇచ్చిన సలహా ఏమిటంటే, బెంచ్ ఖాళీ లేదు కనుక లైబ్రరీలో కూర్చుని చేసే పని ఏదైనా చూసుకోమని. ఆమె లైబ్రరీకి వెళ్లలేదు. ల్యాబ్‌లో తిరిగి, అందరితో మాట్లాడి, ఒక మూల చోటు సంపాదించారు. ప్రాజెక్టు కూడా ఎవరూ ముట్టుకోనిదే దొరికింది. మరీ కష్టం, ఫలితం వస్తుందో రాదోనని మగ పరిశోధకులు వద్దనుకున్న పని అది.

పొడవాటి ఆర్ఎన్ఏలో ప్రోటీన్ తయారీ ఎక్కడ మొదలుపెట్టాలో రైబోజోమ్‌కు ఎలా తెలుస్తుందన్నది ఆ ప్రాజెక్టులోని ప్రశ్న. ఆర్17 అనే వైరస్ ఆర్ఎన్ఏలో అలాంటి మూడు చోట్లనూ ఆమె పట్టుకుని, అక్కడి అక్షరాల వరుసను చదివారు. 1969లో 'నేచర్' పత్రికలో అది అచ్చయింది. బెంచ్ ఇవ్వడానికి వెనకాడిన ల్యాబ్ నుంచే ఆమె పేరు ప్రపంచానికి తెలిసింది.

తలుపు తెరిచింది మంచితనం ఒక్కటే కాదు

అమెరికాకు తిరిగి వెళ్లే సమయానికి టామ్‌కు బర్క్‌లీలో ఉద్యోగం ఉంది. జోన్‌కు మాత్రం లేదు. అక్కడి ప్రొఫెసర్ల భార్యలు భర్తల ల్యాబుల్లోనో, ఇతరుల ల్యాబుల్లోనో రీసెర్చ్ అసోసియేట్లుగా ఉంటారు, దానితో వాళ్లు సంతోషంగానే ఉన్నారన్నట్టు చెప్పారు. టామ్ ఆ ఉద్యోగాన్ని వదులుకున్నారు. 1970లో యేల్ విశ్వవిద్యాలయం ఇద్దరికీ ప్రొఫెసర్ ఉద్యోగాలిచ్చింది.

దీన్ని ఒక మంచి భర్త కథగానో, ఒక మంచి విశ్వవిద్యాలయం కథగానో చెప్పి ఆపేయవచ్చు. అలా ఆపేస్తే అసలు విషయం చేజారుతుంది. ప్రభుత్వ కాంట్రాక్టులు తీసుకునే సంస్థలు మహిళల పట్ల వివక్ష చూపకూడదని 1967లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఉత్తర్వు ఇచ్చారు. 1970 జనవరి నుంచి మహిళా సంఘాలు ఆ ఉత్తర్వును పట్టుకుని విశ్వవిద్యాలయాల మీద వరుసగా ఫిర్యాదులు పెట్టాయి. 1972లో విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. యేల్ తన కాలేజీలో ఆడపిల్లలను డిగ్రీకి చేర్చుకున్నదే 1969లో. జోన్‌కు ఉద్యోగం వచ్చింది సరిగ్గా ఈ గాలి వీస్తున్న రోజుల్లోనే. పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు సొంత ల్యాబ్ ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. మగ శాస్త్రవేత్త ఎవరి ల్యాబ్‌లోనైనా సహాయకురాలిగా ఉంటే చాలనుకున్నారు. మూడేళ్లలో లోకం అంత మారిందంటే, దాని వెనక ఉద్యమం ఉంది, ఫిర్యాదు కాగితాలున్నాయి.

జేమ్స్ వాట్సన్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒక మహిళను విద్యార్థిగా తీసుకున్న ఆయనే 2007లో ఆఫ్రికన్ల తెలివితేటల గురించి జాత్యహంకార వ్యాఖ్యలు చేశారు. 2019లో మళ్లీ అవే అభిప్రాయాలు వినిపించాక, ఆయన దశాబ్దాల పాటు నడిపిన కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సంస్థే ఇచ్చిన గౌరవ పదవులను వెనక్కి తీసుకుంది. ఒకరికి తలుపు తీసిన చెయ్యి మరొకరికి మూస్తుంది. మనిషి దయ మీద నిలబడిన అవకాశం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

ఈ తేడా మన దగ్గర బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు తెలిసినంతగా మరొకరికి తెలియదు. 1913లో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో. రాజుగారి మేలును ఆయన మరచిపోలేదు. కానీ తన తర్వాతి వాళ్ల చదువు రాజుల దయ మీద ఆధారపడాలని కోరుకోలేదు. ఆయన వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1944లో, షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. రాజ్యాంగంలో 16(4) అధికరణం వచ్చింది. దయగా దొరికినదాన్ని హక్కుగా మార్చడమే ఆయన చేసిన పని.

రోగి రక్తంలో దొరికిన జవాబు

ఇప్పుడు స్ప్లైసింగ్ ప్రశ్నకు వద్దాం. కేంద్రకంలో చిన్న చిన్న ఆర్ఎన్ఏలు బోలెడు ఉంటాయని అప్పటికే తెలుసు. అవి ఏం చేస్తాయో తెలియదు. ఎండీ, పీహెచ్‌డీ రెండూ చేస్తున్న మైకేల్ లెర్నర్ అనే విద్యార్థి జోన్ ల్యాబ్‌లో వీటి మీద పనికి దిగారు.

వాళ్లకు దారి చూపించింది లూపస్ అనే జబ్బు. ఈ జబ్బులో శరీరం తన కణాల్లోని పదార్థాల మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. జోన్ బృందం లూపస్ రోగుల సీరమ్‌లోని యాంటీబాడీలను గాలంలా వాడింది. ఆ గాలానికి కేంద్రకంలోంచి కొన్ని రేణువులు చిక్కాయి. ఒక్కో రేణువులో ఒక చిన్న ఆర్ఎన్ఏ, దాని చుట్టూ ప్రోటీన్లు ఉన్నాయి. వీటికి 'స్నర్ప్' అని ముద్దుపేరు పెట్టారు. 1979లో మొదటి పత్రం వచ్చింది. 1980లో 'నేచర్' పత్రంలో ఇంకో అడుగు ముందుకు వేశారు. యూ1 అనే స్నర్ప్‌లోని అక్షరాలు, ఇంట్రాన్ మొదలయ్యే చోట ఉండే అక్షరాలు ఒకదానికొకటి జతకట్టగలవని, అంటే ఎక్కడ కత్తిరించాలో యూ1 గుర్తుపడుతుందని ప్రతిపాదించారు. అదే ఏడాది రోజర్స్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలూ ఇదే ఆలోచన విడిగా చెప్పారు. తర్వాతి ప్రయోగాలు దీన్ని నిజమని తేల్చాయి.

ఈ రేణువుల్లో ఉండే కొన్ని ప్రోటీన్లను ఇప్పటికీ 'ఎస్ఎమ్' ప్రోటీన్లు అంటారు. అది స్టెఫనీ స్మిత్ అనే లూపస్ రోగి పేరులోని రెండక్షరాలు. 1966లో ఆమె రక్తంలోనే ఈ యాంటీబాడీని మొదట గుర్తించారు. స్ప్లైసింగ్ ప్రయోగాలకు ప్రపంచమంతటా వాడుకునే కణాలు హీలా కణాలు. అవి హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి పేద మహిళ నుంచి 1951లో ఆమెకు చెప్పకుండానే తీసుకున్నవి. సైన్స్ చరిత్రలో ప్రొఫెసర్ల పేర్లతో పాటు ఈ పేర్లు కూడా చదవాలని మేము అంటాం. జ్ఞానం ఎవరి శరీరాల మీద నిలబడిందో తెలిస్తేనే, దాని ఫలం ఎవరికి అందాలో అడగగలం.

హైదరాబాద్ దాకా వచ్చిన ప్రశ్న

ఆ ఫలం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాం. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అనే జన్యు వ్యాధిలో పిల్లల కండరాలు క్రమంగా చచ్చుబడతాయి. ఎస్ఎమ్ఎన్1 అనే జన్యువు లేకపోవడమో, చెడిపోవడమో దీనికి కారణం. దాదాపు అలాంటిదే ఎస్ఎమ్ఎన్2 అనే మరో జన్యువు వాళ్లలో ఉంటుంది. కానీ స్ప్లైసింగ్‌లో దాని ఏడో ముక్క చాలాసార్లు జారిపోతుంది. ఆ ముక్క జారిపోకుండా చూసే మందులు ఇప్పుడున్నాయి. నోటితో తీసుకునే రిస్డిప్లామ్ వాటిలో ఒకటి. ఆ ముక్క చివర యూ1 స్నర్ప్ గట్టిగా అతుక్కునేలా అది సాయపడుతుంది. 1980లో జోన్ ల్యాబ్ చెప్పిన జత కట్టే చోటు ఇదే. మందు ఆమె తయారుచేసింది కాదు. ఆ చోటు ఏమిటో తెలియకపోతే మందు ఎలా పనిచేస్తుందో అర్థమయ్యేది కాదు.

రోష్ కంపెనీ అమ్మే ఈ మందు మన దేశంలో ఒక్కో సీసా సుమారు 6 లక్షల రూపాయలు ఉండేది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో కంపెనీ జెనెరిక్ తయారీకి సిద్ధమైతే రోష్ పేటెంట్ చూపి కోర్టుకు వెళ్లింది. 2025లో ఢిల్లీ హైకోర్టు నాట్కోను ఆపడానికి నిరాకరించింది. సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. నాట్కో సీసా ధర 15,900 రూపాయలుగా ప్రకటించింది. కూలి చేసుకునే కుటుంబానికి ఇదీ భారమే. అయినా 6 లక్షలకూ దీనికీ మధ్య ఉన్న దూరం చూస్తే, ల్యాబ్‌లో పుట్టిన జ్ఞానం పేదవాడి ఇంటికి దానంతట అది నడిచి రాదని తెలుస్తుంది. అక్కడా చట్టం కావాలి, పోరాటం కావాలి.

ఆమెను ఆపలేకపోయారు, మరి మిగతావాళ్లు?

జోన్‌కు 1986లో అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్, 2018లో లాస్కర్ పురస్కారం, 2021లో లిన్ మకాట్, ఏడ్రియన్ క్రైనర్‌లతో కలిపి వుల్ఫ్ బహుమతి వచ్చాయి. నోబెల్ రాలేదు. టామ్‌కు 2009లో వెంకీ రామకృష్ణన్, అడా యోనత్‌లతో కలిసి రైబోజోమ్ మీద పనికి వచ్చింది.

ఆమె బహుమతులతో ఆగిపోలేదు. సైన్స్‌లో మహిళలు ఎందుకు తక్కువగా ఉన్నారో పరిశీలించి 2006లో అమెరికా జాతీయ అకాడమీలు ఇచ్చిన నివేదిక కమిటీలో ఆమె సభ్యురాలు. తెలివి తక్కువై కాదు, ఆసక్తి లేక కాదు, పక్షపాతం వల్ల, సంస్థలు నడిచే పద్ధతుల వల్ల మహిళలు వెనకబడుతున్నారని ఆ నివేదిక తేల్చింది.

ఇలాంటి జీవితాలను చూపించి "ప్రతిభ ఉంటే ఎవరూ ఆపలేరు" అనేవాళ్లుంటారు. మేము దీన్ని తిరగేసి చదవమంటాం. గైడ్ దొరక్కపోయి ఉంటే, బెంచ్ సంపాదించలేకపోయి ఉంటే, 1970 కంటే పదేళ్లు ముందు ఉద్యోగానికి వచ్చి ఉంటే ఆమె ఎక్కడుండేవారు? ఎవరో ఒకరి ల్యాబ్‌లో పేరు లేని సహాయకురాలిగా ఉండేవారు. లోపలికి వెళ్లగలిగినవాళ్ల జీవితాలే మనం చదువుతున్నాం. గుమ్మం దగ్గరే వెనుదిరిగినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. కార్ల్ సేగన్‌లా సైన్స్ రచయిత కావాలనుకున్న రోహిత్ వేముల 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మనకు దూరమయ్యాడు. అతని పేరు మనకు తెలుసు. తెలియని పేర్లు ఎన్నో ఉన్నాయి.

మన చట్టాలు ఏం చెబుతున్నాయో కూడా చూద్దాం. కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్ కోసం 2019లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. సంస్థ మొత్తాన్ని ఒక యూనిట్‌గా లెక్కించి కోటా ఇవ్వాలన్నది అందులోని మంచి విషయం. కానీ అదే చట్టంలోని నాలుగో సెక్షన్ కొన్ని సంస్థలను మినహాయించింది. హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్, నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఇవి ఉత్కృష్ట సంస్థలు, పరిశోధనా సంస్థలు, వ్యూహాత్మక ప్రాధాన్యం ఉన్న సంస్థలన్నది కారణం. అంటే ఉత్కృష్టత ఉన్నచోట సామాజిక న్యాయం పొసగదని చట్టమే ఒప్పుకున్నట్టయింది. బెంచ్ లేదనిపించుకున్న మనిషే ఆర్ఎన్ఏ శాస్త్రానికి పునాది రాళ్లు వేసిందని చూశాక ఈ వాదన ఎలా నిలబడుతుంది?

మనం అడగాల్సినవి

పరిశోధక విద్యార్థులుగా మాకు తెలిసిన సంగతి ఒకటుంది. ల్యాబ్‌లో వివక్ష ఎక్కువగా తిట్టు రూపంలో రాదు. "ఈ ఏడాది నా దగ్గర ఖాళీ లేదు" అన్న మాటగా వస్తుంది. "నువ్వు ఈ తేలిక ప్రాజెక్టు తీసుకో" అన్న సలహాగా వస్తుంది. నెలల తరబడి రాని ఫెలోషిప్‌గా వస్తుంది. పేపర్‌లో చివరికి జారిన పేరుగా వస్తుంది. వీటికి సాక్ష్యం ఉండదు కనుక ఫిర్యాదూ ఉండదు. అందుకే లెక్కలు అడగాలి.

పీహెచ్‌డీ ప్రవేశాల్లో ఏ వర్గం వాళ్లు ఎంతమంది, మధ్యలో మానేసినవాళ్లు ఎంతమంది? గైడ్లను ఏ పద్ధతిలో కేటాయిస్తున్నారు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు గైడ్ దొరకడానికి ఎన్నాళ్లు పడుతోంది? ఫెలోషిప్ ఏ తేదీన రావాలి, ఏ తేదీన వచ్చింది? అధ్యాపక రోస్టర్‌లో బ్యాక్‌లాగ్ పోస్టులు ఎన్ని? మన ఊళ్లోని, మన జిల్లాలోని ప్రతి విశ్వవిద్యాలయానికీ, ప్రతి పరిశోధనా సంస్థకూ సమాచార హక్కు చట్టం కింద ఈ నాలుగు ప్రశ్నలు పంపవచ్చు. వచ్చిన జవాబులను ఒకచోట చేర్చవచ్చు. అమెరికాలో 1970లో మహిళా సంఘాలు చేసిన పనీ ఇలాంటిదే. లెక్కలు తీశారు, ఫిర్యాదు పెట్టారు, జవాబు వచ్చేదాకా వదల్లేదు.

వచ్చే తరంలో ఒక మాల పిల్లో, మాదిగ పిల్లో, ఆదివాసీ పిల్లో ఆర్ఎన్ఏ గురించి ఎవరూ అడగని ప్రశ్న అడగవచ్చు. ఆ పిల్లకు బెంచ్ ఇప్పించే బాధ్యత ఒక మంచి గైడ్ మనసుకు వదిలేయకూడదు. అది నియమంగా ఉండాలి, అమలు కావాలి, లెక్క చూపాలి. మనం కొట్లాడాల్సింది దానికోసమే.